ఎడమచేతి ముడి

పోలీసు స్టేషన్ వెనక, కారు కింద వెల్లకిలా పడుకున్న కనకకు ఇన్‌స్పెక్టర్ లక్ష్మీప్రసాద్ బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ బూట్లకు కూడా ఓపిక లేదు. కుడిది నేలను తడుతుంటే ఎడమది పక్కకు జరిగి మళ్ళీ వెనక్కి వస్తోంది.

"చూడ్డానికి ఇంకేముందండీ అందులో? ఊడిపోయింది ఊడిపోయినట్టు కనిపిస్తూనే ఉందిగా," అన్నాడాయన.

"అంత బాగా కనిపిస్తోంది కాబట్టే అనుమానం సార్," అంది కనక టార్చి వెలిగిస్తూ.

విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టకముందు ఆమె చాలా ఏళ్ళు బీమా సర్వేయరుగా తిరిగింది. గుద్దుకున్న బళ్ళ కింద దూరి అందులో దాగిన అబద్ధాలను బయటికి లాగడమే అప్పట్లో ఆమె కూడు. ఈ కేసులో మాత్రం ఆమెకు మింగుడుపడనిది ఒకటుంది. నిందితుడు విశ్వాసం మాస్టారు. మిషన్ స్కూల్లో తనకు ఎక్కాలు నేర్పినాయన. చదువు చెప్పాడు కదా అని నమ్మేస్తే ఇన్నేళ్ళ వృత్తీ గంగలో కలిసినట్టే. అందుకే ఘాటీ ఎక్కుతున్నప్పుడే ఎవరినీ అనుమానించకుండా వదలకూడదని ఒట్టు పెట్టుకుంది. ఫోన్ చేసి ఏడుస్తూ తనను పిలిపించిన మాస్టారి భార్య తెరిసమ్మను కూడా.

జరిగినదాని గురించి పోలీసుల కథ చాలా శుభ్రంగా ఉంది. గురువారం పొద్దున్న మాస్టారి కూతురు జాయ్స్ ఈ కారు తీసుకుని తమ ఊరు జీలుగుపుట్టు నుంచి బయల్దేరింది. జాయ్స్ ఆరోగ్య కేంద్రంలో నర్సు. పనసచెట్టు మలుపులో ఎడమ ముందు చక్రం పక్కకు ఒరిగిపోయింది. బండి గిర్రున తిరిగి కాఫీ తోటలోకి జారి, వెనక భాగం సిల్వర్ ఓక్ చెట్లకు తగులుకుని, మూతి గాల్లోకి లేచి ఆగింది. జాయ్స్ ప్రాణంతో ఉందిగాని విశాఖపట్నం ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉంది. వాన తగ్గక క్రేన్ రాలేదు. శుక్రవారం సాయంత్రం దాకా కారు ఆ వాలులోనే, ముందు చక్రాలు వేలాడుతూ ఉండిపోయింది. కాపలా ఉండాల్సిన హోంగార్డు వానకు జడిసి రోడ్డు మీద టీ పాకలో కూర్చున్నాడు. ఈ మాట పోలీసుల కథలో లేదు, టీ పాకలో కనక విన్నది.

ప్రమాదానికి ముందురోజే మాస్టారు ఇంటి పెరట్లో తన చేతులతో ఆ చక్రానికి లోయర్ ఆర్మ్ మార్చాడు. చక్రాన్ని బండి చట్రానికి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి అది. ఒక చివర రబ్బరు బుష్‌లతో చట్రానికి, రెండో చివర గుండులాంటి జాయింటుతో చక్రానికి అంటి ఉంటుంది. కొత్తది వేశానని మాస్టారు అన్నాడు. బండిలో చూస్తే తుప్పు పట్టిన పాతది ఉంది, దాని జాయింటు ఊడిపోయి ఉంది. ఈ మధ్య ఆయనకు మతిమరుపు ఎక్కువైందని ఊరంతా చెబుతుంది. పాతది విప్పి, పరాకున ఆ పాతదాన్నే మళ్ళీ బిగించేశాడని లక్ష్మీప్రసాద్ తేల్చేశాడు. వాంగ్మూలం మీద సంతకం పెడితే పెద్దాయన్ని బెయిలిచ్చి ఇంటికి పంపిస్తాడు, కేసు ముగుస్తుంది, తుక్కు తుక్కులోకి పోతుంది. ఇదంతా సాయంత్రం లోపు అయిపోవాలని ఆయన పంతం.

కనక చెయ్యి చాచి ఆర్మ్‌ని పైకి నెట్టింది. వదిలింది. అది కిందికి వాలి మునుపటిలాగే వేలాడింది. మళ్ళీ నెట్టింది. మళ్ళీ వాలింది.

ఆమె బయటికి పాక్కుంటూ వచ్చి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంది. రబ్బరు బుష్ సంగతి ఇన్‌స్పెక్టరుకు విడమరిచి చెప్పింది. ఆర్మ్ ఏ వాలులో ఉన్నప్పుడు బోల్టు బిగిస్తే రబ్బరు ఆ వాలునే తన ఇల్లనుకుంటుంది, ఎంత కదిపినా అక్కడికే తిరిగొస్తుంది. అందుకే చక్రాన్ని నేలకు ఆనించి, బరువంతా దాని మీద పడ్డాకే ఆఖరి బిగింపు బిగిస్తారు. అలా బిగించిన ఆర్మ్ జాయింటు ఊడినా అడ్డంగా నిలబడుతుంది. ఇది కిందికి వాలుతోంది. అంటే చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు బిగించింది.

"బండి జాకీ మీద ఉండగానే బిగించేశాడు. దించడం మరిచిపోయాడు. పాతది మరిచిపోయిన మనిషి ఇది మరిచిపోడా?" అన్నాడు లక్ష్మీప్రసాద్.

"కుడి తలుపు లోపలికి నొక్కుకుపోయింది చూశారా? చెట్లు తగిలింది వెనకవైపు."

"క్రేన్ గొలుసు తగిలుంటుంది." లక్ష్మీప్రసాద్ దగ్గర ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది. అందులో ఒక్కటీ తెలివితక్కువ జవాబు కాదు. కనకకు ఆయన మీద ఒళ్ళు మండింది కూడా అందుకే.

ఆమె చెప్పనిది ఇంకొకటుంది. జాయింటు మీద గ్రీజు కారకుండా ఉండే రబ్బరు తొడుగు ఎప్పుడో చిరిగితే, ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఎర్ర ప్లాస్టిక్ తొడిగిన తీగతో కట్టారు. ఆ తీగ మెలిక ఎడమవైపు తిరిగి ఉంది. కుడిచేతి వాటం మనిషి ఎవడూ అలా తిప్పడు. బోర్డు మీద ఎడమచేత్తో రాస్తూ, రాసింది మణికట్టుతో తుడిచేసుకుంటూ, పిల్లలు నవ్వితే తనూ నవ్వే విశ్వాసం మాస్టారు కనకకు బాగా గుర్తు. ఈ ముక్క మీద మాస్టారి చెయ్యి పడింది. ఆ మాట లక్ష్మీప్రసాద్ ముందు అంటే తాడు తనే పేని ఇచ్చినట్టవుతుంది. టార్చి ఆర్పేసి, మాస్టారిని చూస్తానంది.

మాస్టారు రైటర్ గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కాగితం, పక్కన పెన్ను. కనకను చూసి లేవబోయాడు.

"తిన్నావా అమ్మా?" అన్నాడు. తిన్నానంది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చునే లోపల మళ్ళీ అదే అడిగాడు. లక్ష్మీప్రసాద్ కనక వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

అయితే పని గురించి అడిగితే మాస్టారు తడబడలేదు. జాయ్స్ రోగుల కోసం ఊళ్ళు తిరుగుతూ వాగు లాంటి గెడ్డ దాటుతుంటే రాయి తగిలి ఆర్మ్ అంచు వంగింది, బుష్ చీలింది. కొండ దింపి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేదాకా ఆ బండితో ఘాటీలో తిరగనివ్వడం ఇష్టం లేక, కొత్త ఆర్మ్ తెప్పించి ఇంట్లోనే మొదలుపెట్టాడు. కెవిన్‌దీ అదే రకం బండి గనక ఏ బోల్టుకు ఏ స్పానరు పడుతుందో అతనే చెప్పాడు. కెవిన్ అంటే జాయ్స్‌ను చేసుకోబోయే కుర్రాడు, లోయలో టూరిస్టు కారు తిప్పుకుంటాడు. శుక్రవారం నుంచీ ఆసుపత్రిలో జాయ్స్ పిన్నికి తోడుగా, మంచం వదలకుండా ఉన్నది అతనే.

"ఆఖరి బిగింపు ఎలా బిగించారు మాస్టారూ?" అని అడిగింది కనక. జవాబు తనే అందిస్తున్నట్టు వినిపించకుండా జాగ్రత్తపడింది.

"జాకీ దింపేశానమ్మా. స్టీరింగు దగ్గర జాయ్స్, పక్కన కెవిన్, వెనకాల మీ అమ్మగారు తెరిసమ్మ, ఆవిడ ఒళ్ళో చోడిపిండి బస్తా. అందరూ కూర్చున్నాక నేను కిందికి దూరి బిగించాను. బరువు పడాలి కదా."

"మరి కొత్తది బిగించారా, పాతదా?"

ఆయన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు.

"కొత్తదనే అనుకున్నాను. మర్నాడు ఇదంతా అయ్యాక పాతదాని కోసం పెరడంతా వెతికాను. కనబడలేదు. కనబడలేదంటే నేనే మళ్ళీ బండికి పెట్టేశాననే కదా అర్థం. మొన్న మీ అమ్మగారి కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టాను. అలాంటివాణ్ణి." కాగితం తనవైపు లాక్కున్నాడు. "నా చేతులే కనకా. వేరేవాళ్ళ మీదికి తొయ్యకు. సంతకం పెట్టేస్తాను, నాకు ఆ పాటి శిక్షైనా ఉండాలి."

పెన్ను అందుకున్నాడు, ఎడమచేత్తో. కనక ఆ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కింది. సాయంత్రం దాకా ఆగమని లక్ష్మీప్రసాద్‌ను అడిగింది. పాతది ఇందులో ఉంటే కొత్తది ఎక్కడుందని నిలదీసింది. ఊళ్ళో ఇనుప ముక్క నేల మీద మూడు రోజులు ఉంటుందా, ఎవరో పట్టుకుపోయి ఉంటారని ఆయన విసుక్కున్నాడు. చివరికి, నాలుగింటికి ఎస్పీ ఆఫీసుకు కబురు పంపాలి, అప్పటిదాకానే అన్నాడు.

జీలుగుపుట్టులో మాస్టారి పెరడు ప్రమాదం ముందురోజు ఎలా ఉందో అలాగే ఉంది. జాకీ, దుంగలు, నూనె మరకల టార్పాలిన్. కొత్త ఆర్మ్ వచ్చిన అట్టపెట్టెను కోడిపిల్లలు ఆక్రమించేశాయి. తెరిసమ్మ గుమ్మంలో నిలబడి, అడిగినదానికి అడిగినంతే జవాబు చెబుతోంది. పాత ముక్క ఏమైందని అడిగితే మాత్రం నీళ్ళు నమిలింది. తెలీదంది. పోలీసులకూ అదే చెప్పిందట. చెప్పేటప్పుడు కొంగు వేలికి చుట్టుకుంది, ఒకసారి పక్కింటి వైపు చూసి చటుక్కున కళ్ళు తిప్పుకుంది.

కనక టార్పాలిన్ దగ్గర గొంతుక్కూర్చుంది. గ్రీజులో ఆర్మ్ ఆనవాలు ఉంది, అక్కడ పెట్టి తీసినట్టు. అక్కడి నుంచి నల్లటి చుక్కలు వెదురు దడి దాకా వెళ్ళాయి. దడి పైన, నడుము ఎత్తులో, వెదురుకు గ్రీజు దట్టంగా పూసుకుని ఉంది. బరువైనదేదో ఇటు నుంచి అటు చేతులు మారింది. ఇంటివాళ్ళకు తెలియకుండా దొంగిలించేవాడు దడి మీంచి అందుకోడు, అందించేవాళ్ళు ఇవతల ఉంటే తప్ప.

"అమ్మగారూ, మాస్టారు అక్కడ సంతకం పెట్టబోతున్నారు. తన చేతుల్తో కూతుర్ని చంపుకోబోయానని నమ్మేశారు. మీరు దాస్తున్నదేదో అంతకంటే పెద్దదైతే దాచుకోండి."

తెరిసమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. "పక్కింటి సోములమ్మకి ఇచ్చీసినాను తల్లీ," అంది. "దాని కోడలికి పురుడొచ్చింది. గాలి సోకకుండా మంచం కింద ఎట్టుకోడానికి ఇనుం అడిగింది. కిందటేడు కొడవలెట్టినారు, బిడ్డ దక్కలేదు. ఈపాలి ఘాటీలన్నీ తిరిగి ఇంటికొచ్చిన బండి ఇనుం కావాలంది. నాను కాదనలేకపోనాను."

"అందులో దాచాల్సిందేముంది?"

"మీ మాస్టారు గుళ్ళో ఉపదేశి కదా. ఆదివారం ఆదివారం గాలీ దెయ్యం అని నమ్మొద్దని ఆయనే సెప్తారు. ఆయన ఇంట్లోంచే ఇనుం ఎల్లిందని తెలిస్తే ఆయన తలెక్కడ ఎట్టుకుంతారు? పాత ముక్కే కదా, దాంతో ఎవరికేటి పని అనుకున్నాను."

భర్త పరువు కాపాడదామని దాచిన ఆ ముక్కే భర్తను నేరస్తుణ్ణి చేసిందని కనక ఆవిడకు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. తెరిసమ్మ మొహం చూస్తే ఇప్పుడే తెలిసినట్టుంది.

సోములమ్మ ఇంట్లో చిక్కు ఇంకోలా వచ్చింది. ఇనుము అక్కడే ఉందని ఆవిడ దాచకుండా చెప్పింది. మగపోలీసులు వచ్చారుగాని పురిటి గది గడప తొక్కలేదట. అయితే పురుడు కడిగే రోజు రాకుండా ఆ ఇనుము బయటికి రావడానికి వీల్లేదంది. లోపల పసిగుడ్డు కేరుమంది. కనక వాదించలేదు. ఆవిడ కిందటేడు పోగొట్టుకున్న బిడ్డతో ఎవరు వాదించగలరు? కారు డిక్కీ తెరిచి, చక్రాలు విప్పే బరువైన స్పానరు తెచ్చి గుమ్మం బయట నిలబడింది.

"ఇది కూడా ఘాటీలు తిరిగిందే. విశాఖపట్నం, సీలేరు, చింతూరు, అన్నీ చూసింది. నేను ఇంతవరకు ఇంటికి క్షేమంగానే చేరాను."

సోములమ్మ స్పానరును చేత్తో తూచి చూసింది. "ముందు ఇది లోపలికి. తర్వాత అది బయటికి," అంది. అలాగే జరిగింది.

బయటికొచ్చిన ఆర్మ్‌ని కనక వెలుతురులో తిప్పి చూసింది. అంచు రాయి తగిలి వంగి ఉంది. బుష్ చీలి ఉంది. మాస్టారు చెప్పిన రెండూ ఉన్నాయి. జాయింటు తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు, దాని మీద ట్యూబు ముక్కా లేదు, తీగా లేదు. ఇంటి దగ్గర విప్పిన పాతది ఇది. బిగించిన కొత్తది మాయమైంది. స్టేషన్‌లో వేలాడుతున్నది మూడోది.

తెరిసమ్మను కూడా ఎక్కించుకుని బయల్దేరింది. పొలిమేర దాటేలోపే తెరిసమ్మ ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి కెవిన్. ఆవిడ మొహం విప్పారింది. పాత ముక్క సోములమ్మ ఇంట్లో దొరికిందనీ, మాస్టారి తప్పు లేదని తేలిపోతుందనీ, డిటెక్టివమ్మ దాన్ని స్టేషన్‌కి తీసుకెళ్తోందనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. కనక వింటూనే ఉంది. కాబోయే అల్లుడికి మంచి కబురు చెప్పుకుంటోంది పాపం అనుకుని మలుపుల మీద దృష్టి పెట్టింది. ఎవరినీ వదలకూడదని పెట్టుకున్న ఒట్టు ఆ ఒక్క నిమిషం మరిచిపోయింది.

ఫోన్ పెట్టేశాక, గురువారం పొద్దున్న జాయ్స్ ఎక్కడికి బయల్దేరిందని అడిగింది.

"ఫాదర్ గారి దగ్గరికి. పెళ్ళి చాటింపులు గుళ్ళో రెండు ఆదివారాలు సదివీసినారు. మూడోది కూడా సదివితే ఇంక పెళ్ళే. అది ఆపీమని సెప్పడానికి ఎల్లింది. ఎందుకే గుంటా అంటే వచ్చి సెప్తానంది."

కనక కాలు తనంతట తనే బ్రేకు మీద పడింది. ఆ సంగతి కెవిన్‌కు తెలుసా అని అడిగితే తెరిసమ్మకు తెలియదు. ముందురోజు బండి బిగింపు అయ్యాక ఇద్దరూ కారులోనే కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారట, కెవిన్ తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయాడట.

స్టేషన్ వెనక లక్ష్మీప్రసాద్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. వంగిన ఆర్మ్‌ని బూటుతో కదిపాడు.

"ఇలాంటివి పాత ఇనుము కొట్టులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. భార్య చెప్పింది, పక్కింటావిడ చెప్పింది. బావుంది."

"వంగిన అంచు గురించి మాస్టారు మీ ఎదురుగానే చెప్పారు. అప్పటికి ఈ ముక్క ఎక్కడుందో ఆయనకే తెలీదు."

"మరి ఆ తీగ ముడి గురించి నా ఎదురుగా మీరెందుకు చెప్పలేదు?"

లక్ష్మీప్రసాద్ నవ్వలేదు కూడా. ఎడమ మెలికను బండి స్టేషన్‌కు వచ్చిన రోజే చూశాననీ, పెద్దాయన పెన్ను ఏ చేత్తో పడతాడో కూడా చూశాననీ అన్నాడు. "టార్చి మీరు ఎందుకు ఆర్పేశారో అప్పుడే అర్థమైంది. ఆ ముక్క మీద ఆయన చెయ్యి ఉందని మీకు తెలుసు. గురువుగారని దాచారు. మీ దర్యాప్తు విలువ అంతే."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నిజమే కాబట్టి ఆమెకు సిగ్గేసింది. అయినా ఆ సిగ్గులోనే దారి కనిపించింది.

"అయితే దాయొద్దు. ఆయన్నే పిలిచి అడుగుదాం. మీరే అడగండి," అంది.

మాస్టారు ఇన్ని రోజులూ కారు దగ్గరికి రానన్నాడు. కూతురి రక్తం ఉన్న బండిని చూడలేనన్నాడు. ఇప్పుడు తెరిసమ్మ ఒక రెక్క, కనక ఒక రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన కళ్ళు మూసుకునే చక్రం సందులోకి చెయ్యి పెట్టాడు. వేళ్ళు ఆర్మ్ వెంట నడిచి, ట్యూబు ముక్క మీదికి వచ్చి, తీగ మెలిక దగ్గర ఆగిపోయాయి.

"ఇది నేను కట్టిందే," అన్నాడు.

లక్ష్మీప్రసాద్ కనక వైపు చూశాడు.

"కానీ ఇది మన బండిది కాదు," అన్నాడు మాస్టారు కళ్ళు తెరిచి. "మట్టల ఆదివారం గుడి తోరణాలకు తెచ్చిన ఎర్ర తీగ ఇది. మిగిలితే జేబులో వేసుకున్నాను. ఆ సాయంత్రమే గుడి ముందు కెవిన్ బండికి కట్టాను, తొడుగు చిరిగిందంటే. తర్వాత అతను కొత్త ఆర్మ్ వేయించుకున్నాడు. ఈ పాతది ఇంట్లో పడేసి ఉంచానన్నాడు."

"నిన్న ఏం తిన్నారో మీకు గుర్తుండదు. ఇది గుర్తుందా?"

"తిన్నది గుర్తుండదు సార్. కట్టింది చేతికి తెలుస్తుంది."

కనకకు మొత్తం వరస కట్టినట్టు కనిపించింది. మలుపులో కుడివైపు నుంచి ఇంకో బండి గుద్దింది. బరువు మీద బిగించిన కొత్త ఆర్మ్ చెక్కుచెదరకుండా ఉంటే మాస్టారి పని సరిగ్గానే ఉందని తేలిపోతుంది, అప్పుడు గుద్దినవాణ్ణి వెతుకుతారు. అందుకని గురువారం రాత్రి వానలో, కాపలా లేని వాలులో, గాల్లో వేలాడుతున్న చక్రం దగ్గర కూర్చుని ఎవరో ఆర్మ్ మార్చారు. ఆ స్పానర్ల కొలతలు తెలిసినవాడు. మాస్టారు విప్పిన పాతది దొరికి ఉంటే అదే పెట్టేవాడు, ఇక పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. దొరకలేదు. దొరక్క తన ఇంట్లో ఉన్నది తెచ్చాడు.

"అమ్మగారూ, పాత ముక్క కోసం కెవిన్ ఎప్పుడైనా అడిగాడా?"

"గురువారమే అడిగినాడు. అందరం ఏడుత్తన్నాం, ఆసుపత్రికి ఎల్దామని. ఆ పాత ఇనుం ఏదమ్మా అన్నాడు. తెలీదన్నాను." తర్వాతి మాట కనకకు వినకముందే తెలుసు. "ఇందాక దొరికిందని నానే సెప్పీసినాను తల్లీ."

లక్ష్మీప్రసాద్ అప్పటికే ఫోన్ తీశాడు. విశాఖపట్నంలో ఆసుపత్రి ఏ స్టేషన్ కిందికి వస్తుందో రైటర్‌ని కేకేసి అడుగుతున్నాడు. ఇంతసేపూ వాదించిన మనిషి ఇంత త్వరగా కదులుతాడని కనక అనుకోలేదు. ఇక్కడి నుంచి కొండ దిగి ఆసుపత్రి చేరడానికి గంటలు పడుతుంది. అక్కడున్నవాళ్ళు ఎవరైనా ముందు ఆ గది తలుపు దాకా చేరాలి.

తెరిసమ్మ చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. కెవిన్ పేరు. కనక స్పీకర్ నొక్కి, మామూలుగా మాట్లాడమని సైగ చేసింది.

"అమ్మా, దేవుడి దయ. జాయ్స్ ఇందాక కళ్ళు తెరిచింది," అన్నాడు కెవిన్. గొంతు చాలా మెత్తగా ఉంది. "ఏదో చెప్పాలని పెదాలు కదుపుతంది. అలిసిపోతాదని పిన్నిగారిని కిందికి పంపించీసి తలుపేసినాను. ఇద్దరమే ఉన్నాం. ఇంక నిద్రపుచ్చుతాను. మళ్ళీ ఫోన్ చెయ్యకండి."

తెరిసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల ఫోన్ పెట్టేయబోతున్న చప్పుడు. అప్పుడు మాస్టారు చెయ్యి చాచి ఫోన్ అందుకున్నాడు.

"బాబూ కెవిన్, నేను. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు," అన్నాడు. "జపమాల చెప్పిస్తాను. నువ్వు కూడా జవాబు చెప్పు. మధ్యలో ఆపకూడదు నాయనా, పూర్తిగా చెప్పాలి."

చిన్నప్పటి నుంచి ఆ గొంతు వెనక మోకాళ్ళ మీద కూర్చుని జవాబులు చెప్పిన కుర్రాడు కెవిన్. మాస్టారు ఆగలేదు, వద్దనే సందు ఇవ్వలేదు. మొదటి పూస మొదలుపెట్టాడు. తన వంతు అయ్యాక ఆగాడు.

కెవిన్ జవాబు చెప్పాడు, అలవాటు చొప్పున, నెమ్మదిగా.

కనక లక్ష్మీప్రసాద్‌ను చూసింది. ఆయన గోడ వైపు తిరిగి, గొంతు తగ్గించి, మూడో అంతస్తు, మూసిన తలుపు, త్వరగా అని చెబుతున్నాడు. కెవిన్ జవాబు వస్తున్నంతసేపూ ఫోన్ పట్టుకున్న అతని చెయ్యి ఫోన్ దగ్గరే ఉంటుంది, జాయ్స్ మీదికి పోదు. రెండో పూస. జవాబు వచ్చింది. మూడో పూస. వచ్చింది. మాస్టారు ఒక్కో మాటనూ ఎంత సాగదీయగలడో అంత సాగదీస్తున్నాడు. ఆయన ఎడమచెయ్యి ఇంకా కారు కిందే, ఆ తీగ ముడి మీదే ఉంది.

ఏడో పూస దగ్గర మాస్టారు తన వంతు చెప్పి ఆగాడు. అవతల నుంచి జవాబు రాలేదు. బదులుగా తలుపు బద్దలైన చప్పుడు, ఆ వెనకే బూట్ల అడుగులు వినిపించాయి.